అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల తల్లులకు: ఎక్కాలు ఇంట్లో మొదలుపెడదాం

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల అధ్యక్షురాళ్లకు, సభ్యులైన తల్లులందరికీ నమస్కారం.

2024లో సర్కారు బడుల బాగోగులు చూసేందుకు ఈ కమిటీలు ఏర్పడ్డాక బడుల్లో నల్లాలు, మరుగుదొడ్లు, కరెంటు పనులు, చిన్న చిన్న మరమ్మతులు మీ చేతుల మీదుగా జరిగాయి. పిల్లల యూనిఫాంలు మహిళా సంఘాల అక్కలు కుట్టారు. ఇప్పుడు నేను అడగబోయే పనికి ఎస్టిమేటు లేదు, బిల్లు లేదు, ఇంజినీరు సంతకం అక్కర్లేదు. మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఉన్న పిల్లలకు రోజూ ఓ పది నిమిషాలు ఇంట్లోనే ఎక్కాలు వచ్చేలా చూసే పనిని మీ కమిటీలు తలకెత్తుకోవాలి. నా విన్నపం అంతే.

నేను ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పే టీచర్‌ని. ఐదో తరగతి దాటే పిల్లల్లో భాగహారం దగ్గర ఆగిపోయేవాళ్లను చూస్తే, వాళ్లలో చాలామందికి భాగహారం పద్ధతి తెలుసు. ఎక్కాలు రావు. 56ను 8తో భాగించమంటే ఎలా మొదలుపెట్టాలో తెలుస్తుంది, ఎనిమిదో ఎక్కం గుర్తురాదు. అక్కడే కూర్చుండిపోతారు. ఆ తర్వాత భిన్నాలు, శాతాలు, బీజగణితం అన్నీ దానిమీదే నిలబడాలి. ఏడో తరగతిలో "నాకు లెక్కలు రావు" అనే పిల్ల నిజానికి మూడో తరగతిలోనే ఆగిపోయి ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

"మాకే చదువు రాదు, మేమేం నేర్పుతం టీచర్?" ఈ మాట మీటింగు పెట్టిన ప్రతిసారీ వింటాను. అందుకే ముందు దీని గురించే రాస్తాను.

ఊళ్లో సావుకారి దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి పదిహేను వేలు తెస్తే నెలకు ఎంత కట్టాలి? మూడు వందలు. మీలో ఎవరూ దీనికి కాగితం తీసుకోరు. పత్తి ఏరిన రోజు 43 కిలోలు అయ్యాయి, కిలోకు 12 రూపాయల కూలి అనుకుందాం. ఎంత రావాలి? "నలభై పన్నెండ్లు నాలుగు వందల ఎనభై, మూడు పన్నెండ్లు ముప్పై ఆరు, మొత్తం ఐదు వందల పదహారు" అని కాంటా దగ్గర నిలబడి చెప్పేస్తారు. నలభై మూడును నలభైగా, మూడుగా విరిచి, విడివిడిగా హెచ్చించి, మళ్లీ కలిపారు. పై తరగతుల్లో ఇదే సంగతిని విభాగ న్యాయం అనే పేరుతో చెబుతాం. పిల్లలకు ఆ పేరు నేర్పడానికి మాకు చాలా రోజులు పడుతుంది. మీకు ఆ పని పేరు లేకుండానే వచ్చు.

ఐకేపీ (మహిళా సంఘాల) వడ్ల కొనుగోలు కేంద్రం నడిపేది మీరే. బస్తాకు 40 కిలోల వడ్లు, ఐదు బస్తాలైతే రెండు క్వింటాళ్లు, ఇరవై ఐదు బస్తాలైతే పది. అవి మీకు నోటి లెక్కలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు అని భూమి ఉన్న ప్రతి ఇంట్లో తెలుసు. ఆ 121 ఎక్కడిదో ఐదో తరగతి పిల్లను అడిగి చూడండి. పొడవు 11 గజాలు, వెడల్పు 11 గజాలు ఉన్న జాగా గీయించండి. పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒకటి. పుస్తకంలో వైశాల్యం పాఠం రాకముందే ఆమెకు వైశాల్యం అంటే ఏమిటో తెలిసిపోతుంది, అదీ తమ సొంత పొలం లెక్కలో.

ఇంట్లో తండ్రి మేస్త్రీ పని చేస్తుంటే ఇంకా మంచిది. గోడకు మూల మట్టం చూసేటప్పుడు ఒకవైపు మూడు అడుగులు, ఇంకోవైపు నాలుగు అడుగులు కొలిచి గుర్తు పెడతారు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా ఐదు అడుగులు వస్తే మూల కుదిరినట్టు. మూడు మూళ్లు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు, రెండూ కలిపితే ఇరవై ఐదు, ఐదైదులు ఇరవై ఐదు. పెద్ద తరగతుల్లో పైథాగరస్ పేరుతో చదివేది ఇదే. పాలమూరు నుంచి పనికి వెళ్లి ఎన్నో ఊళ్లలో గోడలు కట్టిన మనుషులకు లెక్కలు రావని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోకండి. ముఖ్యంగా పిల్లల ముందు "మనకు లెక్కలు రావు" అనకండి. అమ్మకే రాకపోతే నాకేం వస్తాయని పిల్ల అనుకుంటుంది.

ఇప్పుడు ఎక్కాల సంగతి.

చాలా ఇళ్లలో జరిగేది ఇది. చుట్టాలు రాగానే పిల్లవాణ్ని నిలబెట్టి "ఏడో ఎక్కం చెప్పు" అంటారు. వాడు ఏడొకట్ల ఏడు నుంచి అందుకుని రాగం తీస్తూ చివరిదాకా చెబుతాడు. అందరూ మెచ్చుకుంటారు. ఆ వెంటనే "ఏడార్లు ఎంత?" అని అడగండి. మళ్లీ ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెట్టి, వేళ్లు మడుస్తూ ఆరో మెట్టు దాకా వస్తాడు. వాడికి వచ్చింది పాట. లెక్క ఇంకా రాలేదు. వల్లె వేయడం తప్పని నేననను. రాగం పిల్లల నోటికి చాలా సాయం చేస్తుంది, మనమందరం అలాగే నేర్చుకున్నాం. అయితే వల్లె వేయడం రెండో పని. మొదటి పని చేత్తో చూడటం.

దానికి గుప్పెడు చింతగింజలు, ఒక పళ్లెం చాలు. పళ్లెంలో నాలుగేసి గింజలతో మూడు వరుసలు పెట్టమనండి. మూడు నాలుగులు పన్నెండు. ఇప్పుడు పళ్లెం పక్కకు తిప్పండి. మూడేసి గింజలతో నాలుగు వరుసలు కనిపిస్తాయి. నాలుగు మూళ్లు కూడా పన్నెండే. ఒక్క గింజ కూడా కదపలేదు. ఇది కళ్లారా చూసిన పిల్లకు ఎక్కాల బరువు సగానికి సగం తగ్గుతుంది, ఎందుకో వివరంగా చెబుతాను.

ఒకటి నుంచి పది దాకా ఎక్కాల్లో మొత్తం 100 మెట్లు ఉంటాయి. పిల్ల భయపడేది ఆ వందను చూసే. పళ్లెం తిప్పితే లెక్క మారదని తెలిశాక మిగిలేవి 55. అందులో ఒకటో ఎక్కం, పదో ఎక్కం నేర్పాల్సిన పని లేదు, వాటంతట అవే వస్తాయి. అవి తీసేస్తే 36. రెండో ఎక్కం రెట్టింపు చేయడమే. ఐదో ఎక్కం పదో ఎక్కంలో సగం, పైగా ఐదు రూపాయల బిళ్లలు, గడియారం ముల్లు రోజూ చూపిస్తూనే ఉంటాయి. అవి కూడా పక్కన పెడితే 21.

తొమ్మిదో ఎక్కం చేతుల్లోనే ఉంది. రెండు అరచేతులు ముందు చాపమనండి. తొమ్మిది నాలుగులు కావాలంటే ఎడమ నుంచి నాలుగో వేలు మడవాలి. దానికి ఎడమవైపు మూడు వేళ్లు, కుడివైపు ఆరు. ముప్పై ఆరు. తొమ్మిదేళ్లు అంటే ఏడో వేలు మడవాలి, ఎడమవైపు ఆరు, కుడివైపు మూడు, అరవై మూడు. ఈ ఎక్కంలో ఇంకో ముచ్చట ఉంది. 18, 27, 36, 45 అని కిందికి రాసుకుంటూ పోతే పదుల అంకె ఒక్కొక్కటి పెరుగుతుంది, ఒకట్ల అంకె ఒక్కొక్కటి తగ్గుతుంది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. దీన్ని మీరు చెప్పకండి. రాయించి, "ఏమన్నా కనిపిస్తోందా?" అని మాత్రం అడిగి ఊరుకోండి. తనే కనిపెట్టినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి మీరు. తొమ్మిదులు పోతే ఇక మిగిలేవి 15.

మూడో ఎక్కం అంటే రెట్టింపుకు ఇంకొకటి కలపడం. రెండెనిమిదులు పదహారు, ఇంకో ఎనిమిది కలిపితే ఇరవై నాలుగు, అదే మూడెనిమిదులు. నాలుగో ఎక్కం రెట్టింపుకు రెట్టింపు. రెండేళ్లు పద్నాలుగు, దాన్ని రెట్టింపు చేస్తే ఇరవై ఎనిమిది, అదే నాలుగేళ్లు. ఇవీ తీసేస్తే చివరికి నిజంగా కష్టపడి గుర్తుపెట్టుకోవాల్సినవి ఆరే ఆరు: ఆరార్లు 36, ఆరేళ్లు 42, ఆరెనిమిదులు 48, ఏడేళ్లు 49, ఏడెనిమిదులు 56, ఎనిమిదెనిమిదులు 64.

వంద మెట్లని భయపడిన పిల్లకు "నీకు రావాల్సినవి ఇంకా ఆరే" అని చెప్పి చూడండి. వారానికి ఒకటి చొప్పున వంటింటి గోడ మీద సుద్దముక్కతో రాసిపెట్టండి. ఆ వారమంతా నీళ్లు తాగడానికి వచ్చినప్పుడు ఒకసారి, అన్నం పెట్టేటప్పుడు ఒకసారి అడగండి. తొందర లేదు.

ఆ ఆరింటికీ వేళ్ల లెక్క కూడా ఉంది. పాతకాలపు పద్ధతే. ఏడెనిమిదులు కావాలనుకోండి. ఏడు ఐదుకంటే రెండు ఎక్కువ కాబట్టి ఎడమ చేతిలో రెండు వేళ్లు ఎత్తాలి. ఎనిమిది ఐదుకంటే మూడు ఎక్కువ, కుడి చేతిలో మూడు ఎత్తాలి. ఎత్తినవి ఐదు, అంటే ఐదు పదులు, యాభై. ముడిచినవి ఎడమ చేతిలో మూడు, కుడి చేతిలో రెండు, మూడు రెళ్లు ఆరు. యాభై ఆరు. మర్చిపోయినప్పుడు ఏడవకుండా తనంతట తాను తేల్చుకునే దారి ఇది. పరీక్ష హాల్లోనూ చేతులు వెంటే ఉంటాయి కదా.

వామనగుంటల పీట ఉన్న ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. దయచేసి దాన్ని అటక మీంచి దించండి. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. గుంటకు నాలుగేసి గింజలు పోస్తే, ఎదురెదురుగా ఉన్న రెండు గుంటల్లో కలిపి ఎనిమిది. అలాంటి జతలు ఏడు. ఏడెనిమిదులు యాభై ఆరు గింజలు. ఆట మొదలయ్యే ముందు "మొత్తం ఎన్ని?" అని పందెం కాయమనండి, తర్వాత లెక్కపెట్టమనండి. పీట లేకపోతే నేల మీద పద్నాలుగు గుంటలు తవ్వుకుంటారు, పిల్లలకు అది ఇంకా ఇష్టం. అష్టా చెమ్మా గళ్లు గీసేటప్పుడు ఐదైదులు ఇరవై ఐదని ఒక్కసారి అనిపించండి. సంక్రాంతికి ముగ్గు వేసేటప్పుడు ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా పెడతారు కదా. మొత్తం చుక్కలు ఎన్నో పెట్టకముందే చెప్పమనండి. నడుమ ఏడు, పైన ఆరు, ఐదు, నాలుగు కలిపి పదిహేను, కింద ఇంకో పదిహేను. ముప్పై ఏడు. ఈ లెక్కలో మీరే పిల్లకు గురువు.

సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఇంకో టెన్షన్ మొదలైంది. పిల్ల బడిలో "సెవెన్ ఎయిట్స్ ఆర్ ఫిఫ్టీ సిక్స్" అని నేర్చుకుంటోంది, అమ్మకు వచ్చింది "ఏడెనిమిదులు యాభై ఆరు". నేను చెబితే పిల్ల తికమక పడుతుందేమోనని తల్లులు ఆగిపోతున్నారు. ఆగకండి. ముందు మీ నోటికి వచ్చిన మాటల్లోనే నేర్పండి. గింజలతో చూసి అర్థం చేసుకున్న పిల్లకు ఇంగ్లిష్‌లో అంకెల పేర్లు కలపడం చిన్న పని, దాన్ని మేం బడిలో చూసుకుంటాం. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో పిల్లలకు ఇంటి భాష గోర్ బోలి, ఊళ్లో మాట తెలుగు, పుస్తకం ఇంగ్లిష్. ఆ పిల్లల మీద పడే బరువు గురించి మనం తగినంత మాట్లాడుకోవడం లేదు. తండాల కమిటీల్లో ఉన్న తల్లులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. గోర్ బోలిలోనే లెక్కపెట్టించండి. గింజలకు భాష అడ్డం కాదు.

కొట్టడం గురించి కూడా సూటిగా రాయాలి. 2009 విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఎక్కం రాలేదని ఏ టీచరైనా గోడకుర్చీ వేయిస్తే, చేతుల మీద కొడితే, అడిగే హక్కు మీ కమిటీకి ఉంది. మేం నొచ్చుకుంటామని వెనకాడొద్దు. అదే నియమం ఇంట్లో కూడా పాటించండి. "పక్కింటి పిల్లకు ఇరవై ఎక్కాలు వచ్చు, నీకు ఎనిమిదోది రాదా" అన్న మాట కూడా దెబ్బే. గడియారం పెట్టుకుని "అర నిమిషంలో చెప్పు" అని తొందరపెడితే వచ్చిన ఎక్కం కూడా పోతుంది. భయంలో ఉన్న పిల్ల ఆలోచించదు, తప్పించుకునే దారి వెతుకుతుంది. ఇది నేను తరగతిలో రోజూ చూస్తున్న సంగతి. తప్పు చెప్పినప్పుడు "ఎట్లా వచ్చింది, చెప్పు?" అని అడగండి. ఏడార్లు 43 అన్న పిల్ల 35కు 7 కలపడంలో ఒకటి ఎక్కువ వేసి ఉంటుంది. అంటే ఆమెకు దారి తెలుసు, కూడికలో చిన్న పొరపాటు పడిందంతే. అది తెలిస్తే సరిదిద్దడం క్షణం పని.

ఫోన్‌లో ఎక్కాల పాటల వీడియోలు ఉన్నాయి. వినిపించండి, తప్పులేదు. అయితే పది నిమిషాల పని వాటికే అప్పజెప్పకండి. ట్యూషన్ గురించి కూడా అదే మాట.

పనులకు వలస వెళ్లిన ఇళ్ల సంగతి వేరు. అమ్మానాన్న హైదరాబాద్‌లోనో, ముంబైలోనో, పుణెలోనో ఉంటే పిల్ల నాయనమ్మ దగ్గర ఉంటుంది. నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ తల్లిదండ్రులకు మీ కమిటీ ఒక కబురు పంపాలి. రాత్రి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా బిడ్డా" అన్నాక ఒక లెక్క అడగమనండి. "ఇవాళ ఎనిమిది వరుసల ఇటుకలు పేర్చినం, వరుసకు తొమ్మిది, ఎన్ని?" ఇలా అడిగితే చాలు. నాన్న పని ఏమిటో పిల్లకు తెలుస్తుంది, ఎక్కమూ వస్తుంది. నాయనమ్మలకు అక్షరం రాకపోవచ్చు, కానీ పావు, ముప్పావు, గిద్ద, సోల, మానిక లెక్కలు వాళ్లకు వచ్చినంతగా నాకే రావు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని బియ్యం కొలిచి చూపిస్తే చాలు, రెట్టింపు అంటే ఏమిటో, సగం అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది.

ఇక కమిటీలు చేయాల్సింది. బడిలో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు (కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం) పక్కాగా రావాలని 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. దేశమంతటా మూడో తరగతి పూర్తయ్యే నాటికి ప్రతి పిల్లకూ ఈ పునాది పడాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ 2026-27ను గడువుగా పెట్టుకుంది. కాబట్టి మీ బడిలో ఏ పిల్లకు ఏ ఎక్కం దాకా వచ్చిందో అడగడం మీ హక్కు. ఆ వివరాన్ని మాత్రం మీటింగులో అందరి ముందు పేర్లు చదివి చెప్పించకండి. ఒక్కో తల్లికి విడిగా చెప్పమనండి.

నెలనెలా జరిగే సమావేశంలో ఇరవై నిమిషాలు దీనికి కేటాయించండి. టీచర్‌ను ఉపన్యాసం చెప్పనివ్వకండి. చింతగింజలు, పళ్లెం తెప్పించి తల్లులందరి చేత చేయించమనండి. వేళ్ల లెక్క మీరంతా అక్కడే నేర్చుకోవాలి, నవ్వుకుంటూ నేర్చుకోవాలి. బడికి రంగులు వేయించేటప్పుడు ఒక గోడ మీద, పిల్లల కంటికి అందే ఎత్తులో, పది నిలువు గళ్లు, పది అడ్డం గళ్ల ఎక్కాల పట్టిక రాయించండి. ఎక్కాలను విడివిడిగా రాయించే కంటే ఇదే మేలు. పళ్లెం తిప్పిన సంగతి, తొమ్మిదుల ముచ్చట అన్నీ దాంట్లోనే కనిపిస్తాయి. డిసెంబర్ 22న, రామానుజన్ పుట్టినరోజున, దేశమంతా జాతీయ గణిత దినోత్సవం జరుగుతుంది. ఆ రోజు బడికి వక్తలను పిలవడం మానేసి, ఊళ్లో కాంటా వేసే అన్నను, మేస్త్రీని, గద్వాల చీరలు నేసే ఊరైతే మగ్గం మీద పోగులు లెక్కపెట్టే చేనేత కార్మికుణ్ని, సంఘం లెక్కలు రాసే అక్కను పిలవండి. పిల్లలు వాళ్లను లెక్కలు అడుగుతారు, వాళ్లు పిల్లలను అడుగుతారు.

వచ్చే సమావేశం ఎజెండాలో "ఇంట్లో ఎక్కాలు" అని ఒక అంశం చేర్చమని మీ బడి హెడ్మాస్టర్ గారికి ఇప్పుడే చెప్పండి. కన్వీనర్ ఆయనే లేదా ఆమే కాబట్టి చేర్చడం వాళ్ల చేతిలో పనే. గింజలు మాత్రం మీరు తెండి. తల్లికి ఒక గుప్పెడు చొప్పున పంచి పంపండి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల టీచర్,
ఉమ్మడి నల్గొండ జిల్లా